గీత కింద కనిపించాల్సిన తప్పు

"నేను చెప్పింది తప్పు" అని మీరు నలుగురి ముందు చివరిసారి ఎప్పుడు అన్నారు? వంటింట్లో భార్యతోనో భర్తతోనో గొణిగింది లెక్కలోకి రాదు. ఎక్కడ గొంతెత్తి తప్పు మాట చెప్పారో, అక్కడే, ఆ మనుషుల ముందే, అదే గొంతుతో ఎప్పుడన్నారు? గుర్తు రావడం లేదు కదూ. నాకూ రాలేదు.

కిందటి శనివారం నా ఫోనుకి ఒక సందేశం వచ్చింది. పైన ఒక స్త్రీ ఫోటో. నెరిసిన పొట్టి జుట్టు, మెడలో తాడుకి వేలాడుతున్న కళ్ళద్దాలు, తెల్లకోటు. దాని కింద, "మన తెలుగు శాస్త్రవేత్త సిడ్నీలో సాధించిన అద్భుతం! రోగనిరోధక కణాల ఎక్సోజోములతో క్యాన్సర్ మాయం! కీమో అక్కర్లేదు! పదిమందికీ పంపండి" అని ఉంది. ఆ ఫోటోలో ఉన్నావిడ చనిపోయి నాలుగు నెలలయింది. బతికుండగా ఆ మాట ఎన్నడూ అనలేదు. కాస్త దగ్గరగా ఉండే మాట ఒకటి ఒకప్పుడు అంది. అది తప్పని తెలిసిన రోజున తనే వెనక్కి తీసుకుంది. అందుకే ఆవిడ గురించి రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆ పేరుకి ఇప్పటికే చాలినంత అన్యాయం జరిగింది.

సిడ్నీ శివారు గిరావీన్‌లో ఆవిడ ఇంటి చుట్టుపక్కల పిల్లలు ఆవిడని ల్యాబ్ ఆంటీ అనేవారు. మా వయసువాళ్ళం డాక్టరమ్మ అనేవాళ్ళం. అలా పిలిచినప్పుడల్లా సరిదిద్దేది. "నేను మందులిచ్చే డాక్టర్ని కాదండీ. నాకు జలుబు చేస్తే నేనే జీపీ దగ్గరికి పరిగెడతా." తెనాలి వైపు యాస. ముప్పై ఏళ్ళు ఇక్కడి ల్యాబుల్లో ఇంగ్లీషు మాట్లాడినా అది అరగలేదు.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. రాసింది తప్పయితే పూర్తిగా కొట్టేసేది కాదు, తెల్లరంగు పూసేది కాదు. ఒకే ఒక్క గీత గీసేది, సన్నగా, తిన్నగా. కింద ఉన్న తప్పు అక్షరం అక్షరం చదవడానికి వీలుగా ఉండేది. పక్కన సరైనది రాసి, తేదీ వేసి, పొడి అక్షరాల సంతకం పెట్టేది. ల్యాబు నోటుబుక్కులో అందరూ అలాగే రాయాలట. ఈవిడ సరుకుల చీటీలో కూడా అలాగే రాసేది. ఒకసారి మా అమ్మాయి పుట్టినరోజు కార్డు మీద వయసు ఇరవై ఒకటి బదులు ఇరవై అని రాసింది. గీత కొట్టి, ఇరవై ఒకటి వేసి, తేదీ, సంతకం! కొత్త కార్డు కొనొచ్చు కదండీ అని మా ఆవిడ నవ్వితే, "తప్పు కనిపించాలమ్మా. కనిపించకపోతే మళ్ళీ అదే చేస్తాం" అంది.

రెండో అలవాటు ఒక ప్రశ్న. "ఖాళీది ఏం చెప్పింది?" కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ మాట అర్థమయ్యేది కాదు. ల్యాబులో ఏ పరీక్ష చేసినా, దాని పక్కనే ఇంకో ట్యూబు నడుపుతారు. అందులో అన్నీ ఉంటాయి, మనం పరీక్షిస్తున్న వస్తువు ఒక్కటే ఉండదు. అది ఖాళీది. అసలు ట్యూబులో వచ్చిన ఫలితమే ఖాళీదాంట్లోనూ వస్తే, మనం కనిపెట్టింది ఏమీ లేదన్నమాట.

సిడ్నీ చలికాలంలో కరివేపాకు కుండీలు మోడువారిపోవడం ఇక్కడి తెలుగువాళ్ళందరి దుఃఖం. ఒక సెప్టెంబరులో, ఇక్కడ చలి తగ్గే నెలలో, పెండిల్ హిల్‌లో మన సరుకుల కొట్టు దగ్గర ఒకాయన గొప్పగా చెబుతున్నాడు, పుల్లమజ్జిగ పోస్తే తన చెట్టు చిగురేసిందని. ఈవిడ సంచీ కింద పెట్టి, "పొయ్యని చెట్టు ఏం చేసింది?" అని అడిగింది. ఆయనకి ఒకే చెట్టు ఉంది. "మా ఇంటికి రండి. రెండున్నాయి. ఒకదానికి పోశా, ఒకదానికి పొయ్యలా. రెండూ చిగురేశాయి. వసంతం వచ్చిందండీ బాబూ, మజ్జిగ దాహం తీర్చుకోడానికి ఉంచుకోండి." నిజంగానే ఆవిడ పెరట్లో రెండు కుండీలకీ టేపు అంటించి, తేదీలు రాసి ఉన్నాయి.

ఇంకోసారి మా తెలుగు సంఘం భోజనాల దగ్గర ఒక కుర్రాడు, పుష్యరాగం ఉంగరం పెట్టుకున్న మూడోనెలకి తనకి పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతి, వచ్చిందన్నాడు. అలాంటి మాట వినపడితే నేను అరగంట ఉపన్యాసం ఇస్తాను. చర్చావేదికల మీద పెరిగిన నోరు ఊరుకోదు. ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. "నీ పక్కన కూర్చున్నతనికీ వచ్చిందిగా పీఆర్? అతని వేళ్ళు చూడు నాయనా" అంది, పులిహోర వడ్డించుకుంటూ. పక్కవాడి చేతులకి ఉంగరం కాదు కదా, గడియారం కూడా లేదు. బల్లంతా నవ్వింది. నా అరగంట ఉపన్యాసానికి అన్నేళ్ళలో ఒక్కడు కూడా ఉంగరం తియ్యలేదు. ఆ కుర్రాడు మరుసటి వారానికల్లా తీసేశాడు.

ఆవిడ పని రోగనిరోధక కణాల మీద. ఆ కణాలు బయటికి వదిలే అతి సన్నని పొట్లాల మీద. వాటినే ఎక్సోజోములు అంటారు. మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందవు. ఒక కణం ఏవో ప్రోటీన్లు, ఏవో సంకేతాలు అందులో కట్టి వదిలితే, ఇంకో కణం వాటిని అందుకుని, లోపలి సరుకుని బట్టి నడుచుకుంటుంది. ఒంట్లో వాపు రేగడానికీ, తగ్గడానికీ ఇవి పనిచేస్తాయి. క్యాన్సర్ గడ్డలూ ఇలాంటి పొట్లాలే పంపుతాయి. దీన్ని ఆవిడ ఐస్‌క్రీమ్ డబ్బాలతో చెప్పేది. మన ఇళ్ళలో ఐస్‌క్రీమ్ అయిపోతే డబ్బా పారేయం కదా. పిల్లవాడు ఆశగా ఫ్రీజర్లోంచి తీసి మూత తెరిస్తే గోంగూర! "డబ్బా మీద వెనీలా అని ఉంటుంది. లోపల ఏముందో వండినావిడకి తెలియాలి. ఒకే ఇంట్లోంచి ఒకరోజు పప్పు వస్తుంది, ఒకరోజు పచ్చడి వస్తుంది. ఎక్సోజోమ్ అంటే డబ్బా అంతే. మంచిదా చెడ్డదా అని డబ్బాని అడిగితే ఏం చెబుతుంది?"

ఇక అసలు సంగతి. రెండున్నరేళ్ళ కిందట మా బావకి, అంటే మా అక్క భర్తకి, పెద్దపేగులో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. పక్కనున్న గ్రంథులకి కొంచెం పాకింది కాబట్టి ఆరునెలలు కీమో తీసుకోవాలన్నారు. తేదీ కూడా ఇచ్చారు. బావ రైల్వే సిగ్నళ్ళ ఇంజినీరుగా పనిచేసి రిటైరైన మనిషి. దేనికీ జంకనివాడు కీమో అంటే వణికాడు. తన స్నేహితుడొకడు అందులో పడ్డ బాధ దగ్గరుండి చూశాడు.

ఆ రోజుల్లో నా చేతికి ఒక కరపత్రం వచ్చింది. సముద్రం అవతల ఏదో ఊళ్ళో క్లినిక్కు. రోగనిరోధక కణాల ఎక్సోజోముల్ని సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారట, క్యాన్సర్ దానంతటదే కరిగిపోతుందట. నున్నటి కాగితం, రంగురంగుల కణాల బొమ్మలు, చివరి పేజీలో పరిశోధన పత్రాల పట్టిక. అదే తాయెత్తయితే అక్కడికక్కడే చింపేసేవాణ్ణి. విభూతి అయితే వేదికెక్కి తిట్టేవాణ్ణి. కాని దీనికి ఫుట్‌నోట్లు ఉన్నాయి! ఆ ఫుట్‌నోట్లకి నేను దండం పెట్టాను. సిడ్నీ నుంచి కాన్‌బెర్రా దాకా, దేన్నైనా ప్రశ్నించేవాళ్ళం అని మాకు మేం చెప్పుకునే గ్రూపు ఒకటి ఉంది. అందులో ఆ కరపత్రం పెట్టి పైన ఇలా రాశాను: "ఇది మూఢనమ్మకం కాదు, సైన్స్. నిశ్చింతగా చదవండి."

బావ టికెట్లు చూడటం మొదలుపెట్టాడు. కీమో తొమ్మిది రోజుల్లో ఉంది. ఎందుకైనా మంచిది, ఒక్కసారి డాక్టరమ్మకి చూపిద్దామని నేనే అన్నాను. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం గిరావీన్ వెళ్ళాం.

ఆవిడ కరపత్రాన్ని చివరి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఏ కాగితమైనా అలాగే చదివేది. కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో పట్టిక మీదుగా కిందికి జరుపుతూ ఒకచోట ఆగింది. నిలబడి చదువుతున్న మనిషి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నయ్యగారూ, ఈ మూడోది ఎవరు రాశారో చూశారా?"

చూడలేదు. పట్టిక ఉందని చూశాను గాని పట్టికలో ఏముందో చూడలేదు. ఇప్పుడు చూస్తే ఆవిడ పేరే.

బావ మొహం వెలిగిపోయింది. "అదేంటమ్మా, మీదేనా! మరి చెప్పరే? మన ఇంటి మనిషే కనిపెట్టాక ఇంకా డౌటేంటి? ఆన్ ద స్పాట్ బుక్ చేసేస్తా."

"ఫోన్ లోపల పెట్టండి. ముందు టీ తాగండి."

టీ ఇచ్చింది. ఎదురుగా కూర్చుంది. "పదిహేనేళ్ళ కిందట రాశానండీ అది. మన ఒంట్లో చెత్త తినే కణాలు ఉంటాయి. వాటిని డిష్‌లో పెంచి, అవి వదిలిన ఎక్సోజోముల్ని తీసి, క్యాన్సర్ కణాల మీద వేశా. క్యాన్సర్ కణాలు పెరగడం స్లో అయింది. ఎగిరి గంతేశాం. పేపర్ వేశాం."

"మరి ఖాళీది పెట్టారా?" అన్నాడు బావ. వేళాకోళానికే అన్నాడు.

"పెట్టా. తప్పు ఖాళీది పెట్టా."

బావ నవ్వు ఆగిపోయింది.

"కణాలు పెరగాలంటే తిండి కావాలి. ఆ తిండిలో దూడ సీరం కలుపుతాం. ఆ సీరంలో దూడవి సొంత ఎక్సోజోములుంటాయి. యంత్రంలో గిరగిరా తిప్పి వాటిని ముందే తీసెయ్యాలి. తీశాననుకున్నా. పూర్తిగా పోలేదు. నా ఖాళీ ట్యూబులో సీరమే లేదు, ఉత్త నీళ్ళలాంటి ద్రవం. సీరం ఉండి, కణాలు లేని ట్యూబు పెట్టాలి కదా? నాలుగేళ్ళ తరవాత బుద్ధొచ్చి అది పెట్టా. ఒక్క కణం కూడా లేని ఆ ట్యూబు క్యాన్సర్‌ని అంతే స్లో చేసింది."

"అంటే?"

"అంటే నేను కనిపెట్టింది మనిషి సంగతి కాదు. దూడ సంగతి."

"దూడా?" బావ టీకప్పు కింద పెట్టాడు. ఆయన గుడ్డు కూడా ముట్టడు.

"దూడే. పుట్టని దూడ నెత్తురు. మీకు కష్టంగా ఉంటుంది, తెలుసు. నాకూ ఉంటుంది. కాని చెప్పకపోతే మీకు అసలు సంగతి తెలియదుగా. సరే, వీళ్ళ సీసాలో ఎవరి కణాలున్నాయో, ఏం పోసి పెంచారో మీరు అడిగారా?"

"ప్యూర్, నేచురల్ అని రాశారు కదమ్మా."

"మా ఫ్రీజర్లో డబ్బా మీద వెనీలా అని కూడా రాసుంది బావగారూ."

లేచి లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చింది. ఆవిడకి వచ్చిన మెచ్చుకోలు పత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. అన్నిటికంటే పైన ఒక అరపేజీ కాగితం. తన పత్రాన్ని తనే ఉపసంహరించుకుంటూ, అదే పత్రికలో వేయించిన ప్రకటన. ఫలితం నిలవదనీ, పరీక్ష పెట్టడంలో పొరపాటు తనదేననీ, తోటివాళ్ళది కాదనీ ఉంది. తోటివాళ్ళు అయినా కోపం తెచ్చుకున్నారట. ఇద్దరు మాటలు మానేశారు. రావాల్సిన పదవి ఆగిపోయింది. ఇదంతా ఆవిడ, రైలు పది నిమిషాలు లేటు అని చెప్పినట్టు చెప్పింది.

బావ పట్టు వదల్లేదు. ప్రాణభయం అది, నేను తప్పు పట్టను. "పోనీ మీది తప్పు. మొత్తానికి ఈ ఇమ్యూన్ కణాలవి క్యాన్సర్ మీద పనిచెయ్యవా?"

"కొన్ని చోట్ల చేస్తాయేమో. డిష్‌లో, ఎలుకల్లో కొన్ని మంచి సూచనలున్నాయి, పనిచేస్తున్నాం. కొన్ని చోట్ల తిరగబడతాయి కూడా. ఇదే కణం గడ్డ దగ్గర చేరి, గడ్డ చెప్పినట్టు విని, దానికి పనికొచ్చే సరుకే పొట్లం కడుతుంది. గడ్డ పెరగడానికీ, పాకడానికీ సాయం చేస్తుంది. ఏ కణం, ఏ స్థితిలో, ఏం పెట్టి పంపిందో తెలియకుండా సీసాడు నరంలోకి ఎక్కిస్తే, మంట ఆర్పుతున్నారో ఊదుతున్నారో ఎవరికి తెలుసు? కీమోకి అలా కాదు. ఇచ్చినవాళ్ళకి ఏమైందో, ఇవ్వనివాళ్ళకి ఏమైందో చూసి, రాసిపెట్టారు. ఖాళీది ఏం చెప్పిందో తెలుసు."

"భయమేస్తుందమ్మా నాకు."

"భయపడండి. భయపడుతూనే వెళ్ళండి. మొదటిరోజు నేనొచ్చి కూర్చుంటా."

బావ కీమోకి వెళ్ళాడు. ఆవిడ మొదటిరోజు మాత్రమే కాదు, మూడుసార్లు వెళ్ళి కూర్చుంది. పెన్నుతోనే సుడోకు నింపేది. తప్పు పడితే ఒక్క గీత, పక్కన సరైన అంకె, సంతకం. సూది గుచ్చే నర్సు అది చూసి నవ్వితే బావ కూడా నవ్వాడట. ఆ ఆరునెలలూ గడ్డుగానే గడిచాయి. ఇప్పటికి స్కానులు బాగానే ఉన్నాయి. రేపటి సంగతి ఎవరం చెప్పలేం, అలా చెప్పేవాడు ఎవడైనా ఉంటే వాడి దగ్గరికి పోకండి.

ఆ ఆదివారం మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపుతూ ఆవిడ నన్ను ఆపింది. "గ్రూపులో పెట్టానన్నారుగా. అక్కడే చెప్పండి, తప్పని."

ఇంటికి రాగానే నేను చేసిన పని వేరు. గ్రూపులో నా సందేశాన్ని చెరిపేశాను. ఎవరికీ కనిపించకుండా తీసేసే సదుపాయం ఉంది కదా. పీడ వదిలిందనుకున్నాను. నలభై ఏళ్ళు బాబాల్ని దులిపినవాణ్ణి, ఒక కరపత్రం చేతిలో మోసపోయానని రాసుకోవడానికి చెయ్యి రాలేదు. అది నిజం.

పది రోజుల తరవాత కొట్టు దగ్గర కనిపించి అడిగింది. "పెట్టారా?"

"తీసేశానమ్మా."

"తియ్యమన్నానా? దిద్దమన్నా. చూసినవాళ్ళకి ఎలా తెలుస్తుందండీ?"

చాదస్తం అనుకున్నాను. పెడతాను అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది అని ఇప్పుడు అనుకోవడం కూడా తప్పించుకోవడమే. నాలుగు నెలల కిందట ఒక పొద్దున కాఫీ కలుపుకుంటూ స్ట్రోక్ వచ్చి పడిపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులుంది. అంతే.

శనివారం వచ్చిన సందేశాన్ని కిందిదాకా చదివాను. చివర్లో అదే క్లినిక్కు పేరు, దాని కింద ఒక వాక్యం ఉన్నాయి. "ఇది మూఢనమ్మకం కాదు, సైన్స్. నిశ్చింతగా చదవండి." నా వాక్యం. కామాతో సహా నాదే. నేను చెరిపేసేలోపే ఎవరో పంపుకున్నారు. అది రెండున్నరేళ్ళు ఫోన్లు తిరిగి, ఎక్కడో కరపత్రం పట్టికలోంచి ఆవిడ పేరు లాగి, ఫోటో తగిలించుకుని, కాదని చెప్పడానికి ఆవిడ లేని సమయంలో మళ్ళీ మా గ్రూపుకే వచ్చింది.

ఆవిడ కూతురు ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు తక్కువ. "అంకుల్, హూ ఈజ్ డూయింగ్ దిస్? మమ్ వుడ్ హేట్ ఇట్. మీకు ఎవరో తెలుసా?"

"తెలుసమ్మా" అన్నాను. చెప్పాను. "దెన్ ఫిక్స్ ఇట్, అంకుల్" అని పెట్టేసింది.

నేను రాయడానికి కూర్చుంటుండగానే గ్రూపులో ఒకావిడ ప్రశ్న కనిపించింది. కాన్‌బెర్రాలో హారిసన్ నుంచి. "ఇది చూసి మా ఆయన వచ్చేవారం కీమో వాయిదా వేయించుకున్నారు. ఎవరైనా ఈ క్లినిక్కుకి వెళ్ళారా?" ఏడుగురు దండాల బొమ్మలు పెట్టారు, ఒకరు శుభాకాంక్షలు చెప్పారు. ఇదీ ప్రశ్నించేవాళ్ళ గ్రూపు!

వెంటనే రాశాను. ఇదిగో, ఉన్నదున్నట్టు: "పైనున్న సందేశంలో చివరి వాక్యం నాది. అది తప్పు. నేను చదవకుండా పంపాను. ఫోటోలో ఉన్నావిడ ఆ ఫలితాన్ని బతికుండగానే వెనక్కి తీసుకున్నారు. తప్పని ఆవిడే నాకు చెప్పారు. రెండున్నరేళ్ళ కిందట నేను ఇక్కడ చెప్పాల్సింది, చెప్పలేదు. కీమో మానకండి. మీ డాక్టరుతో మాట్లాడండి." కింద నా పూర్తి పేరు, తేదీ.

తరవాత హారిసన్ ఆవిడకి ఫోన్ చేశాను. "మీరే కదా అంకుల్ సైన్స్ అన్నారు" అంది. అవునమ్మా, నేనే అన్నాను అన్నాను. భర్తకి ఫోన్ ఇచ్చింది. ఆయన నన్ను నాలుగు మాటలు అన్నాడు. పడ్డాను. సోమవారం ఆసుపత్రికి ఫోన్ చేసి కొత్త తేదీ తీసుకున్నాడు. వచ్చే మంగళవారం. ఒకవారం పోయింది. ఆ వారం నా ఖాతాలోది.

దొంగ బాబాలకంటే మనం ప్రమాదం. బాబాని నమ్మనివాళ్ళు మనల్ని నమ్ముతారు. తాయెత్తుకి ఫుట్‌నోట్ తగిలిస్తే సైన్స్ అవదు. చదవకుండా పంపే చెయ్యి విభూతి పంచే చెయ్యి కంటే గొప్పదేమీ కాదు. సైన్స్ అంటే ఎప్పుడూ తప్పు చెయ్యనిది అని నేను వేదికల మీద అరిచాను. కాదు. పెరట్లో రెండు కుండీలకి టేపు అంటించి, తప్పు ఖాళీది పెట్టానని సొంత పేరుతో అచ్చువేయించిన మనిషి చేసింది సైన్స్.

ఇప్పుడు మీ ఫోను తియ్యండి. మీరు పంపినవాటిలో ఒకటి ఉంది, ఏదో మందు, ఏదో కషాయం, ఏదో అద్భుతం, పంపాక తప్పని తెలిసింది. అది ఏదో మీకు ఇప్పటికే గుర్తొచ్చింది. వెతకండి. చెరపకండి. దాని కిందే, ఆ మనుషుల ముందే, "ఇది తప్పు, పంపింది నేను" అని రాయండి. పేరు పెట్టండి. తేదీ వెయ్యండి. ఎవరి వచ్చేవారం తేదీ మీ వాక్యం మీద ఆధారపడి ఉందో మీకు తెలియదు. ఈ పేజీ మూసేలోపు రాయండి.